గుట్ట దిగేటప్పుడు గేరు ఎవరి చేతిలో?

కొత్త బండి కొన్నారంటే ఉత్తర తెలంగాణలో చాలా ఇళ్లకు మొదటి ప్రయాణం ఎటో ముందే తెలుసు. జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని కొండగట్టుకే. కరీంనగర్ నుంచి 35 కిలోమీటర్లు, జగిత్యాల నుంచి 15 కిలోమీటర్ల దూరం. తాళం చేతికొచ్చిన రోజో, ఆ వచ్చే మంగళవారమో గుట్ట మీది అంజన్న (ఆంజనేయస్వామి) దగ్గరికి తీసుకెళ్లి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టించి, బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్ వేయించుకుని వస్తారు. ట్రాక్టరుకైనా ట్యాక్సీకైనా ఇదే ఆనవాయితీ. పవన్ కల్యాణ్ తన ప్రచార వాహనం ‘వారాహి’కి 2023 జనవరి 24న పూజ చేయించింది కూడా ఇక్కడే. ఇప్పుడు ఈ పూజల వరుసలోకి ఇంకో రకం కార్లు చేరుతున్నాయి. టర్బో పెట్రోల్ ఇంజను, ఎర్ర గీతల బంపరు, గట్టి సస్పెన్షన్ ఉండి, పాతికేళ్ల కుర్రాళ్లు మొదటి జీతాల ధైర్యంతో ఈఎంఐ కట్టుకుని కొనే స్పోర్టీ కార్లవి. వాళ్లందరికీ షోరూంలో ఎదురయ్యే మొదటి ప్రశ్న మాన్యువలా, ఆటోమేటిక్కా అన్నదే. దానికి జవాబు మాత్రం నాలుగు వరసల చదును రోడ్డు మీద పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో తేలిపోతోంది. నిజానికి తేలాల్సింది గుట్ట దిగే దారిలో.

ముందు వేగం సంగతి చూద్దాం. ఈ వాదన ఎప్పుడు మొదలైనా అక్కడికే పోతుంది, అక్కడ మాన్యువల్ ఓడిపోయి చాలా కాలమైంది. 1989లో బ్రెజిల్ గ్రాండ్ ప్రీలో నైజెల్ మాన్సెల్ నడిపిన ఫెరారీ 640 స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మార్చే తొలి ఫార్ములా వన్ కారు. మొదటి రేసులోనే గెలిచింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే ఫార్ములా వన్‌లో గేరు రాడ్డు కనిపించకుండా పోయింది. రోడ్డు కార్లలోనూ లెక్క అంతే. పోర్షే 911 జీటీ3 ఇప్పటి తరం కారు రెండు క్లచ్‌ల ఆటోమేటిక్‌తో సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి కంపెనీ లెక్క ప్రకారం 3.4 సెకన్లు చాలు. అదే కారుకు మాన్యువల్ పెడితే 3.9 సెకన్లు పడుతుంది. 2023లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం2లో ఆటోమేటిక్‌కు 4.1, మాన్యువల్‌కు 4.3. మూడో గేరు నడుస్తుండగానే నాలుగోది సిద్ధంగా పట్టుకుని కూర్చునే యంత్రంతో మనిషి కాలూ చెయ్యీ పోటీ పడలేవు. కాబట్టి ‘మాన్యువల్ అయితే పికప్ ఎక్కువ’ అనే మాట ఒకప్పటి నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ల కాలం నాటిది. ఇవాళ ఆ మాట చెప్పి మాన్యువల్ అమ్మేవాళ్లు కొనేవాళ్లను తప్పుదోవ పట్టిస్తున్నట్టే.

మరి వేగమే స్పోర్టీ తనమైతే చర్చ ఇక్కడితో ముగియాలి. ముగియలేదనడానికి సాక్ష్యం అదే పోర్షే కంపెనీ. 2013లో జీటీ3ని ఆటోమేటిక్‌తో మాత్రమే తెచ్చారు. వేగంగా ఉంటుంది, ట్రాక్ మీద సమయం తగ్గుతుంది, ఇంకేం కావాలి అన్నది వాళ్ల ధోరణి. కొనేవాళ్లు ఒప్పుకోలేదు. 2016లో మాన్యువల్‌తో 911 ఆర్ అనే పరిమిత సంఖ్య మోడల్ వచ్చింది. 2017లో జీటీ3కే మాన్యువల్ తిరిగొచ్చింది. అర సెకను ఆలస్యమని తెలిసీ, ఆ ఆలస్యాన్ని డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లు ఉన్నారన్నమాట. దీన్ని పాతకాలపు మోజని కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం వాళ్లు స్పోర్టీ కారు అన్నదాన్ని సరిగ్గానే అర్థం చేసుకున్నారనిపిస్తుంది. స్పోర్టీ కారంటే నడిపేవాడు అడిగినది అడిగిన క్షణంలో, అడిగినంత మేరకే చేసే కారు. గడియారంలో అంకె ఆ తర్వాతి సంగతి. మలుపుకు ముందు ఏ గేరు కావాలో, మలుపు మధ్యలో ఇంజను ఎంత లాగాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే అసలు తేడా. మాన్యువల్ ఆ నిర్ణయాన్ని మన మీద మోపుతుంది, తప్పించుకోనివ్వదు. ఆటోమేటిక్ ఆ అధికారం మనకు ఇవ్వగలదు కానీ, తీసుకోమని బలవంతం చేయదు. మొదటి స్పోర్టీ కారు కొనే యువకుడికి మాన్యువల్ మేలని నేననడానికి కారణం ఇదే. గేరు గురించి ముందుగా ఆలోచించే అలవాటు అతనికి కారే నేర్పుతుంది.

అయితే ఆటోమేటిక్ అనేది ఒక్క వస్తువు కాదు. షోరూంలో ఈ ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు యంత్రాలు అమ్ముతున్నారు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ లోపల మామూలు మాన్యువల్ గేరుబాక్సే, క్లచ్ నొక్కే కాలి పని, గేరు మార్చే చేతి పని మోటార్లు చేస్తాయి. మాన్యువల్ కంటే సుమారు 50 వేల రూపాయలు ఎక్కువతో దొరుకుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు ఊళ్లో తిరగడానికి అది మంచి సాధనం. కానీ గేరు మారేటప్పుడల్లా లాగుడు ఒక్క క్షణం తెగిపోతుంది. ఓవర్‌టేక్ మధ్యలో, ఎక్కుడు మలుపులో ఆ క్షణం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. దానికి స్పోర్టీ స్టిక్కరు అంటించడం నాకు నచ్చని పని. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు కప్పీల మధ్య బెల్టు అటూ ఇటూ జరుగుతుంది. కారు మెత్తగా నడుస్తుంది కానీ, గట్టిగా తొక్కితే శబ్దం ముందు, వేగం వెనక. టార్క్ కన్వర్టర్‌లో ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య నూనె ప్రవాహం ఉంటుంది. 1939లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కోసం వచ్చిన హైడ్రామాటిక్ నాటి నుంచి ద్రవంతో శక్తిని అందించే ఈ పద్ధతి మెరుగుపడుతూ వచ్చింది. మన ఎండలకూ ట్రాఫిక్‌కూ తట్టుకునే విషయంలో దీనికి మంచి పేరుంది.

నాలుగోది డీసీటీ, ఫోక్స్‌వ్యాగన్ పెట్టుకున్న పేరు డీఎస్‌జీ. మన మార్కెట్లో లక్షలు పోసి కొనే స్పోర్టీ ఆటోమేటిక్‌లలో ఎక్కువ ఇదే. బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు ఒక క్లచ్. నడిచే రోడ్డు మీద దీన్ని మించింది లేదు. బలహీనత ఉన్నది కదలీ కదలని చోట. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీలో, హ్యుండయ్ ఐ20 ఎన్ లైన్‌లో వచ్చే ఏడు గేర్ల డీసీటీలలో క్లచ్‌లు పొడి రకం, చల్లబరచడానికి చుట్టూ నూనె ఉండదు. మంగళవారం రద్దీలో గుట్ట ఎక్కే దారిలో బ్రేకు మీంచి కాలు కొద్దిగా తీస్తూ, అడుగడుగునా పాకిస్తూ పోతే ఆ క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. మే నెలలో కరీంనగర్, ఆదిలాబాద్ ఎండలు 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద నిలబెట్టినా అదే జరుగుతుంది నిజమే, కాకపోతే అక్కడ వాసన ముక్కుకు, వణుకు కాలికి ముందే తెలుస్తాయి. డీసీటీ ఉన్నవాళ్లు ముందు బండికీ తమకూ మధ్య పది అడుగుల ఖాళీ రానిచ్చి, అప్పుడు ఒకేసారి కదిలితే గేరుబాక్సు ఆయుష్షు పెరుగుతుంది. వెనకాల హారన్లు మోగుతాయి, మోగనివ్వండి.

ఇక దిగుడు సంగతికి వద్దాం. ఎక్కేటప్పుడు తప్పు గేరులో ఉంటే ఇంజను మూలుగుతుంది, బండి ఆగిపోతుంది, అంతకు మించి ఏమీ కాదు. దిగేటప్పుడు తప్పు గేరులో ఉంటే ఎవరూ చెప్పరు, బండి హాయిగా జారుతూనే ఉంటుంది. 1,200 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 12 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. మూడున్నర లీటర్ల నీళ్లను మామూలు వేడి నుంచి మరిగే దాకా కాచేంత శక్తి అది. ఈ వేడంతా బ్రేకుల మీదే పడితే ముందు ప్యాడ్ల పట్టు తగ్గుతుంది, ఇంకా లాగితే బ్రేక్ ఆయిల్ మరిగి గాలి బుడగలు పట్టి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, ఆ వేడిలో పెద్ద వాటా దానిదవుతుంది. మన డ్రైవర్లు ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలని తరాలుగా చెప్పుకునే సూత్రం వెనక లెక్క ఇదే. స్పోర్టీ కార్ల విషయంలో దానికో సవరణ కావాలి. వర్టస్ జీటీ లాంటి 150 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న కారు మూడో గేరులోనో నాలుగో గేరులోనో కూడా చాలా ఎక్కుళ్లు సులువుగా ఎక్కేస్తుంది. అదే గేరు దిగడానికి చాలదు. బలమైన ఇంజనున్న కారులో ఎక్కినదానికంటే ఒక గేరు తక్కువలో దిగాలి.

ఇక్కడే డి అక్షరం మీద మీట పెట్టి మరిచిపోయే అలవాటు ప్రమాదకరం అవుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే చాలా ఆటోమేటిక్‌లు పెట్రోల్ ఆదా కోసం పెద్ద గేరులోకి పోతాయి. చదును రోడ్డు మీద అది తెలివైన పని, దిగుడులో సరిగ్గా వద్దనుకునే పని. కొత్త కార్లలో కొన్ని వాలును పసిగట్టి చిన్న గేరు పట్టుకుంటాయి, అన్నీ అలా చేయవు, చేసేవి కూడా ముందున్న మలుపును చూడలేవు. అందుకే ఎస్ మోడ్, ఎం మోడ్, స్టీరింగ్ వెనక ప్యాడిళ్లు, సీవీటీల్లో ఎల్ గానీ బి గానీ ఇచ్చారు. డీసీటీలో ఎడమ ప్యాడిల్ రెండుసార్లు నొక్కితే మాన్యువల్‌లో చేసే పనే ఇంకా నున్నగా జరుగుతుంది. పైగా ఇంజను తట్టుకోలేని గేరు అడిగితే యంత్రం ఒప్పుకోదు. మాన్యువల్‌లో ఐదు నుంచి నాలుగుకు పోబోయి పొరపాటున రెండులో వేస్తే ఇంజను పాడయ్యే వీలుంది, ఆపేవాళ్లు లేరు. ఈ విషయంలో ఆటోమేటిక్‌దే పైచేయి అని ఒప్పుకోవాలి. కానీ షోరూంలో ప్యాడిళ్లను చూపించేది రేసు కారు బొమ్మతో. గుట్ట దిగేటప్పుడు వాడాల్సింది ఇదేనని చెప్పేవాళ్లు అరుదు. దాంతో ఆ మీటలు మొదటి వారం ఆటవస్తువుగా మిగిలి, తర్వాత ఎవరూ ముట్టరు.

దీనికంటే పాతదీ, ఇంకా చెడ్డదీ న్యూట్రల్ అలవాటు. దిగుడు రాగానే న్యూట్రల్ కొడితే పెట్రోల్ మిగులుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. కార్బ్యురేటర్ల కాలంలో ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉండేదేమో కానీ, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఇవాళ్టి ఇంజనులో జరిగేది దానికి తలకిందులు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటర్ పెట్రోల్ చుక్క కూడా పోయదు, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ పోయాల్సిందే. అంటే న్యూట్రల్ కొట్టినవాడు పెట్రోల్ ఖర్చు చేసి మరీ ఇంజన్ బ్రేకును వదులుకుంటున్నాడు. ఆటోమేటిక్‌లలో మీటను ఎన్ మీదికి నెట్టడానికీ ఇదే వర్తిస్తుంది.

ఇంతవరకూ చదివినవాళ్లు ఒక గట్టి అభ్యంతరం చెప్పవచ్చు. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం, జగిత్యాల డిపో ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. కొడిమ్యాల మండలం శనివారంపేట, ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఎక్కువ. ఒక్కో ఊళ్లో వరసగా ఇళ్ల ముందు పాడెలు లేచిన రోజులవి. ఆ బస్సు మాన్యువలే కదా, మరి గేరు రాడ్డు చేతిలో ఉంటే ఏం ఒరిగింది? ఈ ప్రశ్నను పక్కకు నెట్టడం తగదు. ఎక్కించాల్సిన వాళ్లకు దాదాపు రెట్టింపు మంది, నూరుకు మించి, ఆ బస్సులో ఉన్నారు. నిలువు వాలు, బండి బరువు, బ్రేకుల స్థితి, ఆ దారిలో పెద్ద బస్సును పంపాలన్న నిర్ణయం, వీటన్నిటి ముందు గేరుబాక్సు ఏ రకమన్నది చిన్న మాట. ఒక్క డ్రైవరు మీద నెట్టి చేతులు దులుపుకునే విషయం కూడా కాదది. మాన్యువల్ ఉంటే ప్రాణాలు దక్కుతాయని నేను అనడం లేదు. వాలు, బరువు, వేడి అనే మూడింటి లెక్క ఎంత నిర్దాక్షిణ్యమైనదో ఆ రోజు మన జిల్లాకు చూపించింది అంటున్నాను. ఐదుగురు ఎక్కిన కారుకు కూడా లెక్క అదే, అంకెలే చిన్నవి. ఆ గుట్ట మీదే బండికి పూజ చేయించి దిగేవాడు, తన బండి వేగాన్ని బ్రేకు కాకుండా ఇంకేం పట్టి ఉంచుతోందో తెలుసుకుని దిగాలి. మాన్యువల్ అయితే ఆ సంగతి ఎడమ చేతికి తెలుస్తుంది. ఆటోమేటిక్ అయితే డ్యాష్‌బోర్డు మీది అంకె చూసి తెలుసుకోవాలి, చూసే అలవాటు ఉంటేనే.

రెండో అభ్యంతరం రోజువారీ బతుకుది. గుట్టకు వెళ్లేది ఏడాదికి రెండుసార్లు, హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్లేది వారానికి ఐదు రోజులు. రాజీవ్ రహదారి మీద మూడు గంటలు హాయిగా నడిపి, నగరంలోకి వచ్చాక గంటన్నర క్లచ్ తొక్కుతూ ఉండటంలో స్పోర్టీ తనం ఏముంది? న్యాయమైన మాటే. రోజూ అలాంటి ట్రాఫిక్‌లోనే సగం జీవితం గడిపేవాళ్లు ఆటోమేటిక్ కొనుక్కోవాలి, టార్క్ కన్వర్టర్ దొరికితే ఇంకా మంచిది. మోకాలి నొప్పులున్నవాళ్లకు, ఎడమ కాలు సహకరించని వాళ్లకు ఆటోమేటిక్ సౌకర్యం మాత్రమే కాదు, స్వతంత్రంగా తిరిగే దారి. ‘ఆటోమేటిక్ అంటే డ్రైవింగ్ రానివాళ్ల బండి’ అనే ఎగతాళి మన యువకుల్లో బాగా ఉంది. అది అజ్ఞానం, కొన్నిసార్లు అమానుషం కూడా. కానీ ఈ అభ్యంతరం చెప్పే వాళ్లలో ఎక్కువమంది కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్‌లలోనే ఉండి, అక్కడే నడిపేవాళ్లు. వాళ్ల రోజువారీ ట్రాఫిక్ హైదరాబాద్ ట్రాఫిక్ కాదు. వాళ్ల దారుల్లో నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఉంది, ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వైపు కెరమెరి ఘాట్ ఉంది, ఎక్కడ చూసినా వరి కోతల కాలంలో రోడ్డెక్కే ట్రాక్టర్లున్నాయి. ఇంకొకరి ట్రాఫిక్ కోసం తయారైన సలహాతో వాళ్లు కారు కొంటున్నారు. చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు మరో చిన్న మాట. అక్కడ ఆటోమేటిక్ మీద పరీక్ష పాసైతే మాన్యువల్ నడిపే లైసెన్సు రాదు.

మూడో అభ్యంతరం భవిష్యత్తుది. కరెంటు కార్లు వచ్చేస్తుంటే గేర్ల గొడవ ఇంకెన్నాళ్లని. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది, తెలంగాణ గడ్డ మీద జరిగిన తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ కారు రేసు అది. గేర్లు మార్చే చప్పుడు లేకుండానే కార్లు దూసుకుపోయాయి. అయితే అదే ఏడాది హ్యుండయ్ తన ఐయోనిక్ 5 ఎన్ అనే కరెంటు స్పోర్ట్స్ కారుకు ప్యాడిళ్లు పెట్టి, లేని గేర్లను ఉన్నట్టు భ్రమింపజేసే ఏర్పాటు చేసింది. అవసరం లేని చోట కూడా గేరును తిరిగి సృష్టించారంటే, నడిపేవాళ్లు కోరుతున్నదేమిటో ఆ ఇంజనీర్లకు తెలుసు. దిగుడు విషయంలో కరెంటు కారు నిజంగా మెరుగు. మోటారే బండిని వెనక్కి పట్టి, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మాత్రం ఆ పట్టు తగ్గుతుంది, గుట్ట మీద ఫుల్ చార్జ్ చేసుకుని దిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఈ రోజు పెట్రోల్ స్పోర్టీ కారు కొంటున్నవాడు పదేళ్లు దాన్నే నడుపుతాడు కాబట్టి, రాబోయే కార్ల పేరు చెప్పి ఇప్పటి ప్రశ్నను దాటవేయడం కుదరదు.

మార్కెట్ ఏం చేస్తోందంటే, రెండు దారులా పోతోంది. 2025లో మన దేశానికి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐకి మాన్యువల్ లేదు. ప్రపంచంలో ఎక్కడా ఆ కొత్త జీటీఐకి మాన్యువల్ ఇవ్వడం లేదు. మరోవైపు మనకు అందుబాటు ధరల్లో గాలి తిరిగింది. 2021లో క్లచ్ పెడల్ లేని ఐఎంటీతో వచ్చిన ఐ20 ఎన్ లైన్‌కు 2023లో అసలైన ఆరు గేర్ల మాన్యువల్ ఇచ్చారు. వర్టస్ జీటీ 1.5 లీటర్ ఇంజను 2022లో డీఎస్‌జీతో మాత్రమే వచ్చి, మరుసటి ఏడాది మాన్యువల్ చేర్చుకుంది. 2024లో వచ్చిన క్రెటా ఎన్ లైన్‌లో 160 హార్స్‌పవర్ ఇంజనుకు రెండూ ఉన్నాయి. అదే ఏడాది టాటా ఆల్ట్రోజ్ రేసర్‌ను మాన్యువల్‌తో మాత్రమే తెచ్చింది. అడిగేవాళ్లుంటే కంపెనీలు ఇస్తాయి. అయితే కొన్ని మోడళ్లలో మంచి ఫీచర్లున్న పై వేరియంట్లను ఆటోమేటిక్‌కే కట్టిపెడతారు, మాన్యువల్ కావాలంటే ఎక్కువ వారాలు ఆగమంటారు. డీసీటీకి మాన్యువల్ కంటే సాధారణంగా లక్ష రూపాయలకు పైగా ఎక్కువ అవుతుంది. ఆ లక్షను మంచి టైర్లకో, డ్రైవింగ్ శిక్షణకో పెట్టేవాడు నా దృష్టిలో ఎక్కువ స్పోర్టీ.

బుకింగ్ డబ్బు కట్టకముందే డీలరును ఒక విషయం అడగండి. టెస్ట్ డ్రైవ్‌లో కనీసం ఒక ఫ్లైఓవరో, వాలున్న రోడ్డో ఉండాలి. అక్కడ బ్రేకు ముట్టుకోకుండా యాక్సిలరేటర్ వదిలేసి కారు ఏ గేరులోకి పోతుందో చూడండి. ఆటోమేటిక్ అయితే అదే వాలు మీద ప్యాడిల్‌తో రెండో గేరు అడిగి, అది ఇస్తుందా, ఇచ్చి పట్టి ఉంచుతుందా, కాసేపటికి మీకు చెప్పకుండా మళ్లీ పైకి పోతుందా గమనించండి. మాన్యువల్ అయితే ఎక్కుడులో పూర్తిగా ఆపి, హ్యాండ్ బ్రేకు మీదా, హిల్ హోల్డ్ మీదా కదిలించి చూడండి. ఇరుకు గుట్ట దారిలో ఎక్కే బండికి దిగే బండి ఆగి దారివ్వాలన్నది నిబంధన, మధ్యలో ఆగి మళ్లీ కదలడం రోజూ జరిగేదే. టెస్ట్ డ్రైవ్‌లో వాలు ఎక్కనివ్వని డీలరు దగ్గర కొనాల్సిన అవసరం లేదు, కరీంనగర్‌లో ఇంకో షోరూం ఉంటుంది.